గళ్లలో దరువు: ఇంట్లో వాయిద్యం రికార్డ్ చేయడం, డ్రమ్ ట్రాక్ కట్టడం



పోయిన పేరెంట్స్ మీటింగ్‌కు ఎనిమిదో తరగతి బాబు వాళ్లమ్మ ఒక ఫిర్యాదుతో వచ్చారు. "పొద్దుందాక ఫోన్ల ఏవో డబ్బాలు నొక్కుతనే ఉంటడు మేడం. గేమా అంటే గేమ్ గాదు, పాటనా అంటే పాట గాదు. టక్కు టక్కుమని ఒక్కటే సప్పుడు." ఏం చేస్తున్నావురా అని బాబును అడిగితే, తల వంచుకుని "డ్రమ్ము చేస్తున్నా మేడం" అన్నాడు. పక్కన కూర్చున్న ఇంకో తండ్రికి నవ్వొచ్చింది. మన ఏర్గట్ల వైపు డ్రమ్ము అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది పసుపు డ్రమ్మే. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను పోసి గిరగిర తిప్పుతూ పాలిష్ పట్టే డ్రమ్ము. ఈ పిల్లగాడు ఫోన్‌లో దాన్ని ఎట్లా చేస్తాడని ఆయన అనుమానం.

ఫోన్ తీసుకుని చూశాను. స్క్రీన్ మీద నాలుగు వరుసలు, ఒక్కో వరుసలో 16 గళ్లు. కొన్ని గళ్లు వెలుగుతున్నాయి, కొన్ని ఖాళీ. అది గేమ్ కాదు, డ్రమ్ మెషిన్. బాబు వాళ్ల నాన్న గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినప్పుడు ఒక చిన్న కీబోర్డ్ తెచ్చారట. దాని మీద వాయించే ట్యూన్‌కు వెనకాల తాళం కావాలి. ఆ తాళాన్ని బాబు తనే కడుతున్నాడు.

నేను ఇంగ్లీష్ టీచర్‌ను, సంగీతం టీచర్‌ను కాదు. 2020లో ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు చిన్న పిల్లల రైమ్స్ ఇంట్లోనే రికార్డ్ చేయాల్సి వచ్చి, కింద మీద పడి ఈ పని నేర్చుకున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలా గళ్లు నొక్కుతుంటే అందులో ఏముందో మీకూ తెలియాలని ఈ నెల ఈ పాఠం రాస్తున్నాను.

ముందు చప్పట్లు, తర్వాత ఫోన్

ఫోన్ పక్కన పెట్టి, పిల్లలతో కూర్చుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సమంగా లెక్క పెడుతూ చప్పట్లు కొట్టండి. నాలుగు దెబ్బలు అయితే ఒక ఆవృతం. సినిమా వాళ్లు దీన్ని బార్ అంటారు. ఇప్పుడు ఒక్కో దెబ్బను నాలుగు ముక్కలు చేయండి: తకధిమి, తకధిమి, తకధిమి, తకధిమి. నాలుగు నాలుగుల పదహారు. స్క్రీన్ మీద కనబడే 16 గళ్లు ఇవే. కర్ణాటక సంగీతం నేర్చుకున్న వాళ్లయితే ఇది చతురశ్ర నడక అని వెంటనే గుర్తుపడతారు.

మొదటి వరుస కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము. దాన్ని 1, 9 గళ్లలో పెట్టమనండి. రెండో వరుస స్నేర్, "టక్" అని పలికేది. దాన్ని 5, 13 గళ్లలో పెట్టాలి. మూడో వరుస హై-హ్యాట్, చిన్న తాళాల జత. దాన్ని 1, 3, 5, 7 అంటూ బేసి గళ్లన్నింటిలో పెట్టాలి. ప్లే నొక్కితే దుమ్, టక్, దుమ్, టక్ అని మీకు బాగా తెలిసిన బీటే వినిపిస్తుంది. ఇక కిక్‌ను 9 నుంచి 11కు జరిపి చూడమనండి. ఒక్క చుక్క జరిగితే పాట నడకే మారిపోతుంది. పిల్లలకు అసలు సరదా అక్కడ మొదలవుతుంది. ఆ అమ్మగారికి వినిపించిన టక్కు టక్కు సప్పుడు అదే.

వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కవేసి బీపీఎం అంటారు. 96 బీపీఎం తీసుకుందాం. 60 సెకన్లను 96తో భాగిస్తే ఒక్కో దెబ్బకు 0.625 సెకను. నాలుగు దెబ్బల బార్‌కు 2.5 సెకన్లు. మూడు నిమిషాల పాటకు ఎన్ని బార్లు కావాలి? 180ని 2.5తో భాగిస్తే 72. ఈ లెక్క నేను బోర్డు మీద వేయలేదు, ఆ బాబు నోటితో చెప్పాడు. భాగహారంలో దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియక మ్యాథ్స్ సార్ దగ్గర మాటలు పడే అబ్బాయే.

అయితే 16 గళ్లలో మన దరువులన్నీ కూర్చోవు. పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో వినే దరువులు చాలా మటుకు దెబ్బను మూడుగా విరిచే నడకలో ఉంటాయి. తకిట, తకిట, తకిట, తకిట. అంటే 12 గళ్లు కావాలి. 2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న "నాటు నాటు" పాట కూడా ఆరు-ఎనిమిది లెక్కలో నడిచేదే. యాప్ తెరవగానే 16 గళ్లు కనబడతాయి కాబట్టి పిల్లలు ఏ పాటనైనా వాటిలోనే ఇరికించాలని చూస్తారు. కుదరకపోతే తమకే రావడం లేదని అనుకుంటారు. సెట్టింగుల్లో గళ్ల సంఖ్య మార్చుకోవచ్చని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ బాబుకు రెండు వారాల దాకా ఎవరూ చెప్పలేదు.

ఈ గళ్లు ఎక్కడివి?

డ్రమ్ మెషిన్ చరిత్ర ఇంకా పాతదే గాని, ఈనాటి యాప్‌లకు పెద్దన్నల్లాంటివి రెండూ 1980లో వచ్చాయి. అమెరికాలో రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎం-1లో నిజం డ్రమ్ముల రికార్డింగులు చిప్పుల్లో ఉండేవి. జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808లో రికార్డింగులు లేవు, దాని చప్పుళ్లను సర్క్యూట్లే పుట్టించేవి. మన దేశంలో ఆ 808ను తొందరగా అందుకున్న వాళ్లలో చరణ్‌జిత్ సింగ్ ఒకరు. బొంబాయి సినిమా పాటలకు వాయించిన ఆయన 1982లో పది రాగాలను డిస్కో బీటు మీద రికార్డ్ చేసి ఆల్బమ్ తెచ్చారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విని ఆశ్చర్యపోయింది. ఇక ఇంటి స్టూడియో అంటే ఏ.ఆర్. రెహమాన్‌ను తలుచుకోకుండా ఉండలేం. 1989లో చెన్నైలో ఇంటి పెరట్లో స్టూడియో పెట్టుకున్నారు, 1992లో "రోజా" వచ్చింది. ఆ స్టూడియోకు అప్పట్లో అయిన ఖర్చు మనం తట్టుకునేది కాదు. ఇప్పుడు ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్, కంప్యూటర్‌లో ఆడాసిటీ, హైడ్రోజన్ ఉచితంగానే దొరుకుతున్నాయి. పిల్లలు ఏదో కొనమని పట్టుబడితే ముందు వీటితో ఆరు నెలలు పని చేయమని చెప్పండి.

ఇంట్లో రికార్డింగ్

కీబోర్డ్ ఉన్న ఇళ్లలో మొదట చేయాల్సిన పని దాని మీది ఆటోమేటిక్ రిథమ్ బటన్ ఆపేయడం. ఆ బటన్ నొక్కితే కీబోర్డే డ్రమ్ములూ బేసూ అన్నీ వాయిస్తుంది, పిల్లవాడు ఒక వేలితో ట్యూన్ నొక్కుతాడు, చుట్టాలు చప్పట్లు కొడతారు. వినడానికి బాగుంటుంది. కానీ నేర్చుకున్నది ఆ ఒక్క వేలి పనే.

మన ఇళ్లు ఎక్కువగా స్లాబు ఇళ్లు, కింద టైల్స్. గదిలో చప్పట్లు కొడితే గోడలు తిరిగి కొడతాయి. దాన్ని తగ్గించడానికి స్టూడియో స్పాంజీలు అక్కర్లేదు. మంచం మీద పరుపు, తలుపుకు వేలాడేసిన బొంత, బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు ఫోన్ ఉంటే చాలు. ఫ్యాన్, కూలర్ ఆపాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. పసుపు పాలిష్ పట్టే రోజుల్లో మన ఊళ్లలో పగటిపూట రికార్డింగ్ అనే మాట మరచిపోండి. తెల్లవారుజామున చేద్దామంటే కోళ్లు ఊరుకోవు. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య మీ టీవీ ఒక్క అరగంట ఆగితే అదే పిల్లలకు స్టూడియో. ఈ పాఠం మొత్తంలో మీ నుంచి నేను అడిగేది ఆ అరగంటే.

వేణువో, వయొలినో రికార్డ్ చేస్తే ఫోన్ కొన్నిసార్లు స్వరాన్ని మధ్యలో మింగేస్తుంది. ఫోన్ చెడిపోయిందని కంగారు పడకండి. మాట్లాడే గొంతు తప్ప మిగతాదంతా గోల అనుకుని తీసేసే నాయిస్ రిడక్షన్ చాలా ఫోన్లలో ఉంటుంది. రికార్డర్ సెట్టింగుల్లో దాన్ని ఆపే వీలుంటే ఆపాలి. శబ్దం ఎక్కువై మీటర్ ఎర్రగా మారితే ఆ టేక్ పోయినట్టే, తర్వాత ఏం చేసినా బాగుపడదు. తక్కువ శబ్దంతో రికార్డ్ చేసి తర్వాత పెంచుకోవడమే మేలు.

ఇంకొకటి, చాలామంది పిల్లలు దీని దగ్గరే ఏడ్చేస్తారు. డ్రమ్ ట్రాక్ వింటూ దాని మీద వాయిస్తారు, తర్వాత వింటే వాయించిందంతా వెనకబడి ఉంటుంది. తప్పు పిల్లలది కాదు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌ది. ఫోన్‌లో పుట్టిన శబ్దం అందులోంచి చెవికి చేరేసరికి సెకనులో పదో వంతో, ఐదో వంతో ఆలస్యం అవుతుంది. 96 బీపీఎంలో ఒక గడి విలువ 0.156 సెకను. అంటే పిల్లవాడు ఎంత బాగా వాయించినా దాదాపు ఒక గడి వెనకాల ఉంటాడు. వైరు ఉన్న పాత ఇయర్‌ఫోన్ పెడితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. శబ్దం మాత్రం తక్కువగా పెట్టించండి. పిల్లల చెవులకు 75 డెసిబెల్స్ మించకుండా, వారానికి 40 గంటలు దాటకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇతరుల బీట్లు యూట్యూబ్ నుంచి దించుకుని వాడొద్దని నేను గట్టిగా చెప్తాను. కాపీరైట్ గొడవ ఒకటి. పైగా అలా చేస్తే ఆ 16 గళ్లతో కుస్తీ పట్టే అవకాశమే పోతుంది.

నేను చేసిన తప్పు

మీటింగ్ తర్వాత ఆ బాబు ఒక ఫైల్ తెచ్చి వినిపించాడు. కీబోర్డ్ ట్యూన్, కిక్, స్నేర్, వాటి మధ్య ఒక డప్పు. మిగతావన్నీ యాప్‌లో దొరికే చప్పుళ్లే, డప్పు మాత్రం వేరుగా ఉంది. ఎక్కడిది అని అడిగితే "నెట్‌ల దొరికింది మేడం" అన్నాడు. సరే అనుకున్నాను. కానీ ఆ ట్రాక్ ఒక్కటే వింటే దరువు మొదలయ్యే ముందు ఎవరో పెద్దాయన గొంతు ఉంది: "గిది షురూ అయిందారా?" నేను బాబు మొహం చూశాను. కాసేపు ఆగి "మా తాత" అన్నాడు, మెల్లగా, పక్క బెంచీ వాళ్లకు వినబడకుండా.

ఎందుకు మెల్లగా చెప్పాడో నాకు అర్థమైంది, మీకూ అర్థమవుతుంది. బ్యాండ్ మేళంలో డ్రమ్ము కొట్టేవాణ్ణి చూసి ఈలలు వేసే మన ఊళ్లలో, డప్పు కొట్టే మనిషి మనవడు బడిలో ఆ మాట చెప్పాలంటే ఇంకా వెనకాముందు ఆలోచించాల్సి వస్తోంది. ఆ రోజు నేను దాని గురించి ఏమీ మాట్లాడలేదు. ట్రాక్ గురించే మాట్లాడాను. అప్పుడే తప్పు చేశాను.

తాత దరువు క్లిక్‌తో కలవడం లేదు. క్లిక్ అంటే ఇయర్‌ఫోన్‌లో టిక్ టిక్ మంటూ వేగాన్ని కాపాడే శబ్దం. బాబు 96 పెట్టాడు. నేను గడియారం పట్టుకుని దెబ్బలు లెక్కపెట్టాను. మొదట్లో 15 సెకన్లకు 24 దెబ్బలు, నాలుగింతలు చేస్తే 96, సరిగ్గానే ఉంది. చివరికి వచ్చేసరికి 15 సెకన్లకు 26, అంటే 104. తాత పరిగెత్తుతున్నాడు అన్నాను బాబుతో. నా ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ తెరిచి, బాగున్న బార్ ఒకటి కోసి, దాన్నే 72 సార్లు వరసగా అతికించాను. గీత గీసినట్టు గడికి గడి కలిసింది. నాకు నేనే మెచ్చుకుని బాబుకు వినిపించాను.

రెండు నిమిషాలు విన్నాడు. "మంచిగనే ఉంది మేడం. గనీ మా తాత కొట్టినట్టు లేదు" అన్నాడు.

ఇంటికెళ్లి రెండూ మళ్లీ విన్నాను. బాబు చెప్పిందే నిజం. డప్పును రెండు పుల్లలతో కొడతారు. కుడి చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమ చేతిలో సన్నగా పొడుగ్గా ఉండే సిటికెనపుల్ల. సిర్ర దెబ్బ బరువుగా పడుతుంది, సిటికెనపుల్ల మధ్యలో చిటచిటలాడుతుంది. తాత కొట్టిన అసలు ట్రాక్‌లో ఏ రెండు బార్లూ ఒకలా లేవు. ఒకచోట సిటికెనపుల్ల వెంట్రుకవాసి ముందు పడుతుంది, ఇంకోచోట సిర్ర కావాలనే ఒక క్షణం ఆగి పడుతుంది. నేను ఆ తేడాలన్నీ తుడిచేసి ఒకే ముక్కను 72 సార్లు అతికించాను.

వేగం ఎందుకు పెరిగిందో తాతను అడగమన్నాను. మర్నాడు బాబు తాత మాటను అట్లాగే మోసుకొచ్చాడు: "ఎగిరేటోళ్ల కాళ్లు చూసి కొడ్తం బిడ్డా. ఆళ్లు ఊపు మీదికొస్తే మనం ఆగుతమా?" రికార్డింగ్ రోజు ఎగిరేవాళ్లు ఎవరూ లేరు కదా అన్నాను. ఉన్నారట. చిన్న చెల్లె ఎగిరిందట.

మెషిన్లు చేసినవాళ్లకూ ఈ సంగతి తెలియనిది కాదు. రోజర్ లిన్ తన మెషిన్‌లోనే స్వింగ్ అనే ఏర్పాటు పెట్టాడు. సరి గళ్లను కొంచెం ఆలస్యంగా పలికించి నడకకు ఊపు తెస్తుంది. పిల్లలు ఏ యాప్ వాడినా దాన్ని వెతికి ఒకసారి తిప్పి చూడమనండి. అన్ని దెబ్బలూ ఒకే బలంతో పెట్టకుండా కొన్నింటిని మెత్తగా చేయమనండి. కానీ స్వింగ్ ప్రతి బార్‌నూ ఒకే లెక్కన జరుపుతుంది. మీ చెల్లె ఎగురుతోందని దానికి తెలియదు.

అందుకే వరస తిరగేశాం. క్లిక్ తీసేశాం. ముందు తాత డప్పు, ఏ లెక్కా లేకుండా, ఆయనకు నచ్చినట్టు మూడు నిమిషాలు. గదిలో కాకుండా బయట వాకిట్లో, ఫోన్‌ను ఏడెనిమిది అడుగుల దూరంలో స్టూలు మీద పెట్టి. డప్పు శబ్దానికి దగ్గరగా పెడితే మైకు తట్టుకోలేదు. మొదలుపెట్టే ముందు గడ్డి మంట వేసి డప్పు కాచారు. చర్మం బిగిస్తేనే దెబ్బ ఖంగుమంటుంది, చల్లబడ్డా చెమ్మ తగిలినా శ్రుతి దిగిపోతుంది. కాబట్టి ఒకరోజు సగం, ఇంకోరోజు సగం రికార్డ్ చేసి అతికిస్తే రెండూ రెండు డప్పుల్లా వినిపిస్తాయి. ఒకే కాపులో అయిపోవాలి.

తర్వాత బాబు ఆ డప్పు వింటూ కిక్, స్నేర్ చప్పుళ్లను గళ్లలో పెట్టకుండా స్క్రీన్ మీద వేళ్లతో కొట్టి రికార్డ్ చేశాడు. తాత ఎక్కడ వేగం అందుకుంటాడో ముందే పసిగట్టాలి. మొదటి రోజు ఒక్క నిమిషం కూడా కుదరలేదు. విసుగొచ్చి మళ్లీ గళ్లలోనే పెడతానన్నాడు. గళ్లు తెలియకపోతే అసలు ఎక్కడ తప్పుతున్నావో కూడా నీకు తెలిసేది కాదు, ఇంకో నాలుగు రోజులు చూడు అన్నాను. ఆరో రోజుకు మూడు నిమిషాలూ పట్టుకున్నాడు. అన్నింటికంటే చివర కీబోర్డ్.

పాట పూర్తయ్యాక గల్ఫ్‌లో ఉన్న నాన్నకు పంపాలన్నాడు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వెళ్తే శబ్దం బాగా నలిగిపోతుంది, ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాను. మూడు నిమిషాల వేవ్ ఫైల్ 30 ఎంబీ దాటుతుంది, ఎంపీ3 చేస్తే ఐదారు ఎంబీలలో అయిపోతుంది. ఆయన డ్యూటీ దిగి విని ఫోన్ చేశారట. కొడుకుతో కంటే తాతతోనే ఎక్కువసేపు మాట్లాడారని బాబు కొంచెం అలిగినట్టు చెప్పాడు.

ఏ పాటకైనా ఎవరు ఏం వాయించారో రాయాలి, సినిమాల్లో పేర్లు పడతాయి చూడు, అట్లా, అని చెప్పి ఒక కాగితం ఇచ్చాను. మూడు వరుసలు రాసుకొచ్చాడు. కీబోర్డ్ ఎదురుగా తన పేరు. డ్రమ్ ప్రోగ్రామింగ్ ఎదురుగా తన పేరు. డప్పు ఎదురుగా మొదట "తాత" అని రాసి, కొట్టేసి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాడు. ఫైల్‌లో ఇంగ్లీషులో టైప్ చేయాలి, తాత పేరు స్పెల్లింగ్ ఎట్లా మేడం అని అడిగాడు, ఈసారి పక్క బెంచీకి వినబడేలాగే. ఆధార్ కార్డులో ఎట్లా ఉందో చూసి రమ్మన్నాను. మర్నాడు కార్డు జిరాక్స్ తెచ్చాడు. అందులో ఒక అక్షరం తప్పు పడి ఉంది. ఇద్దరం కూర్చుని, ఇంట్లో పిలిచినట్టు పలుకుతూ, అక్షరం అక్షరం రాశాం.